కొడుకు అగ్నివీర్ ట్రైనింగ్‌కి వెళ్తున్నాడు, ఇంట్లో మేం ఏం చూసుకోవాలి?

విజయనగరం నాన్న

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి ఆర్మీలో నాలుగేళ్ల అగ్నివీర్ ఉద్యోగం, జనరల్ డ్యూటీలో వచ్చింది. నీలగిరుల్లో వెల్లింగ్టన్, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో రిపోర్ట్ చేయాలి. ఇంకా ఏడు వారాలుంది. వయసు 18. ఆర్మీ భర్తీ ర్యాలీ అయినప్పటి నుంచి పరుగు మానేశాడు, హిందీ అంతంతమాత్రం. వాళ్లమ్మ అప్పుడే సున్నుండలకు మినుములు వేయించేసింది. వెళ్లేలోపు ఏం చేయించాలి, వెళ్లాక మేం ఏం చేయాలి, ఏం చేయకూడదు? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.

పరేడ్ గ్రౌండ్

ముందు పరుగు సంగతి చూడండి సార్. ర్యాలీలో 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో కొట్టేస్తే పూర్తి మార్కులు. అది వేగం పని. అక్కడ రోజంతా కాళ్ల మీదే ఉండాలి. పొద్దున్నే పీటీ, తర్వాత బూట్లతో డ్రిల్, చివరికి బీపీఈటీలో (ఆర్మీ ఫిట్‌నెస్ పరీక్షలో) రైఫిల్, సామానుతో 5 కిలోమీటర్లు. నెలల తరబడి ఖాళీగా ఉన్న కాళ్ల మీద ఇదంతా ఒక్కసారిగా పడితే మోకాలి కింది ఎముక దెబ్బతింటుంది. కొత్త బరువు పడ్డప్పుడు ఎముక ముందు తనను తాను కాస్త అరగదీసుకుని, ఆ తర్వాతే గట్టిపడుతుంది. ఆ మధ్యలో వచ్చే మూడు నాలుగు వారాలే ప్రమాదం. ఆ దశ ఇంటి దగ్గరే, నెమ్మదిగా దాటించేయండి.

మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు 2 కిలోమీటర్లు, మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత నిదానంగా. సిమెంటు రోడ్డు వద్దు, మట్టి గ్రౌండ్ చూడండి. తర్వాత వారానికి అర కిలోమీటరు, మహా అయితే ముప్పావు పెంచండి. నాలుగో వారం నుంచి తోలు బూట్లు వేసి రోజూ అరగంట నడిపించండి, పరుగు మాత్రం వద్దు. లోపల పల్చటి మేజోళ్లు, పైన మందపాటివి వేసుకుంటే రాపిడి రెండు మేజోళ్ల మధ్యే జరుగుతుంది, చర్మం బొబ్బలెక్కదు. ఆఖరి వారం సగానికి తగ్గించండి. కాళ్లు అలిసిపోయి రైలెక్కకూడదు.

ఒక్క విషయం మాత్రం వాడికి కూర్చోబెట్టి చెప్పండి. మోకాలి కింద ముందు భాగంలో లోపలివైపు జానెడు పొడవునా సలుపు ఉంటే అది కండరం, పొర లాగడం వల్ల. అదే ఒక్క వేలితో "ఇక్కడే" అని చూపించగలిగే నొప్పి, రాత్రి పడుకున్నా తగ్గనిది, ఒంటికాలి మీద గెంతితే గుచ్చుకునేది అయితే ఎముకలో సన్నటి పగులు అయ్యుండొచ్చు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కూడా కనపడకపోవచ్చు. పిల్లలు వెనక బ్యాచ్‌కి రెలిగేట్ చేస్తారన్న భయంతో దాచి, నొప్పి మాత్రలు మింగి పరిగెడతారు. తొందరగా ఎంఐ రూమ్‌కి (సెంటర్‌లోని వైద్య గదికి) వెళ్తే కొన్నాళ్ల మినహాయింపుతో పోవచ్చు. దాస్తే పగులు పెరిగి నెలలు పోతాయి, అప్పుడు రెలిగేషన్ తప్పదు. చెమటతో నీరు పోయిన ఒంట్లో నొప్పి మాత్రలు పడితే కిడ్నీలకూ దెబ్బే.

వెల్లింగ్టన్ చల్లటి చోటు కాబట్టి దాహం తెలియదు. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్లు చాలట్లేదని గుర్తు. ఇది కూడా ఇప్పుడే చెప్పి పంపండి.

గుంటూరు అక్క

హిందీ గురించి నేను చెప్తాను అన్నయ్యగారూ. పుస్తకం హిందీ అక్కర్లేదు. ఒకటి నుంచి వంద వరకు అంకెలు తడుముకోకుండా రావాలి. లెక్కలోనూ, రైఫిల్ నంబరులోనూ, ఫాలిన్‌లోనూ (వరసలో నిలబడేటప్పుడు) అవే. తర్వాత డ్రిల్ ఆజ్ఞలు: సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, బాయే ముడ్, పీఛే ముడ్, తేజ్ చల్, థమ్. పెరట్లో నిలబెట్టి మీరే అరవండి, వాడు తిరగాలి. కంగారులో దాహినేకి (కుడికి) ఎడమవైపు తిరిగితే రగడా (శిక్షగా చేయించే కసరత్తు) వాడొక్కడికే కాదు, స్క్వాడ్ మొత్తానికి పడుతుంది. తోటివాళ్ల దగ్గర ఆ నామోషీ ఉస్తాద్ (శిక్షకుడి) తిట్టు కంటే ఎక్కువ బాధిస్తుంది. "ఉస్తాద్, సమఝ్ మే నహీ ఆయా" అని తలెత్తి అడగడం కూడా నేర్పండి. తెలియకపోయినా తలూపేయడం మన పిల్లల అలవాటు.

వదినగారికి చెప్పండి, సున్నుండలు ఈ ఏడు వారాలూ ఇంట్లోనే పెట్టమని. రోజూ రెండు గుడ్లు, పాలు, రాగిజావ, పొద్దున కాసేపు ఎండ. రక్తహీనత ఉందేమో హిమోగ్లోబిన్ ఒకసారి చూపించండి. పార్శిళ్లు మాత్రం పంపొద్దు. బ్యారక్‌లో తినుబండారం దొరికితే ఇబ్బంది వాడికే.

రికార్డు గది

కాగితాల గురించి ఎవరూ చెప్పలేదు, మన వాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది అక్కడే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరమే. బ్యాంకులో ఇంటిపేరు చివర, పాన్‌లో మొదట. తల్లి పేరు ఒకచోట "లక్ష్మి", ఇంకోచోట "లక్ష్మమ్మ". మెమోలో ఉన్నదాన్నే ప్రామాణికంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిపెట్టించండి. మీ ఇద్దరి ఆధార్‌లూ అలాగే చూడండి, ఎందుకంటే నామినీలు మీరే. 48 లక్షల బీమా కూడా ఆ పేరు మీదే వస్తుంది.

మొదటి ఏడాది నెలకు 30,000 అన్నది కాగితం మీద. అందులో 9,000 సేవానిధికి (నాలుగేళ్లయ్యాక ఒకేసారి ఇచ్చే నిధికి) పోతుంది, చేతికి వచ్చేది 21,000. పాన్‌లోనో ఖాతాలోనో పేరు తేడా ఉంటే మొదటి జీతం ఆలస్యమవుతుంది. వాడి జీతం చూసుకుని బైక్ వాయిదా పెట్టుకోకండి. ఖర్చులకు నాలుగైదు వేలు నగదు ఇచ్చి పంపండి. సామాన్లకు జాయినింగ్ లెటర్‌లో ఉన్న జాబితానే పాటించండి.

విజయనగరం నాన్న

అందరికీ చాలా థాంక్స్ అండి. అక్కగారూ, ఇంకొక్క మాట. ఫోన్ చేసి "నాన్నా, నా వల్ల కాదు, వచ్చేస్తా" అంటే ఏం చెప్పాలి? వాళ్లమ్మ తట్టుకోలేదు.

గుంటూరు అక్క

అంటాడు. మొదటి మూడు వారాల్లో చాలామంది అంటారు. ఫోన్ ఎప్పుడు ఇస్తారన్నది సెంటర్‌ని బట్టి ఉంటుంది. కొద్ది నిమిషాలే దొరుకుతుంది కాబట్టి మొదటి నిమిషం వాణ్ని మాట్లాడనివ్వండి. తర్వాత మూడే అడగండి: నిద్ర పడుతోందా, తింటున్నావా, ఎక్కడైనా నొప్పి ఉందా? "వచ్చేయ్" అనొద్దు, "పరువు తీయకు" అని కూడా అనొద్దు. "ఈ వారం గడవనీ, వచ్చే ఫోన్‌లో మళ్లీ మాట్లాడుకుందాం" అంటే చాలు. ఇంట్లో అప్పులు, తగాదాలు, నానమ్మ జ్వరం ఆ నిమిషాల్లోకి తేకండి. వాడు అక్కణ్ణుంచి చేయగలిగింది ఏమీ ఉండదు, నిద్ర మాత్రం పోతుంది.

కానీ రోజుల తరబడి నిద్ర లేదన్నా, తిండి మానేశాడన్నా, చచ్చిపోవాలని ఉందన్నా అది బెంగ కాదు. ఆ రోజే జాయినింగ్ లెటర్‌లోని నంబరుకు ఫోన్ చేసి కంపెనీ (వాడి శిక్షణ దళం) అధికారికి చెప్పండి. వాడికి చెడ్డపేరు వస్తుందని ఆగకండి.

పరేడ్ గ్రౌండ్

చెప్పకుండా పారిపోయి వస్తే ఇంట్లో దాచొద్దు సార్, వెంటనే సెంటర్‌కి తెలియజేసి వెనక్కి పంపండి. సొంత ఇష్టంతో మధ్యలో వదిలేయడం అగ్నివీర్ షరతుల్లో లేదు, అరుదైన పరిస్థితుల్లో పైఅధికారుల అనుమతి ఉంటేనే.

కసమ్ పరేడ్‌కి (శిక్షణ ముగిశాక ప్రమాణం చేసే పరేడ్‌కి) ఇద్దరూ వెళ్లండి. తల్లిదండ్రులకు గౌరవ్ పదక్ అనే పతకం ఇస్తారు. తేదీ ఖాయమయ్యాకే టికెట్లు తీసుకోండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు నుంచే దొరుకుతుంది. కోయంబత్తూరులో దిగి కూనూరు బస్సెక్కితే వెల్లింగ్టన్ ఆ పక్కనే. గేటు దగ్గర చూపడానికి ఒరిజినల్ ఆధార్‌లు ఉంచుకోండి. పొద్దున్నే పరేడ్, చలి బాగా ఉంటుంది. అమ్మగారికి స్వెటర్, కాళ్లకు మేజోళ్లు మర్చిపోకండి. సున్నుండల డబ్బా అప్పుడు పట్టుకెళ్లండి.