దెరేన్ తరహాలో కాకినాడ రేవు: నీళ్లు బురదైపోతున్నాయి

యానాం కుంచె:
ఫ్రెంచ్ చిత్రకారుడు ఆంద్రే దెరేన్ 1905లో ఫ్రాన్స్ మధ్యధరా తీరంలోని కొల్యూర్‌లో వేసిన పడవల బొమ్మల పద్ధతిలో మన కుంభాభిషేకం రేవు వేస్తున్నాను. ఆయిల్, 12×16 అంగుళాల కేన్వాస్. నీలం పక్కన నారింజ పెట్టగానే రెండూ బూడిద రంగుకి తిరుగుతున్నాయి. టర్పెంటైన్ ఎక్కువైందా?

రేవు గీతలు:
టర్పెంటైన్ సంగతి తర్వాత, ముందు మీ గీతలు ఒకదానికొకటి తగులుతున్నాయండీ. నీలం, నారింజ ఎదురు రంగులు. పక్కపక్కనుంటే మెరుస్తాయి, తడిమీద కలిశాయా చచ్చాయే. దెరేన్ నీళ్లను దగ్గరగా చూడండి, గీతకీ గీతకీ మధ్య ఉత్త కేన్వాస్ తెల్లగా కనబడుతుంది. మీ సైజుకి రెండు మూడు మిల్లీమీటర్లు వదిలితే చాలు. జెస్సో (కేన్వాస్‌కి ముందుగా వేసే తెల్ల పూత) రెండు పూతలు వేసి అడుగు బాగా తెల్లగా ఉంచుకోండి. 6వ నంబరు ఫ్లాట్ బ్రష్, గట్టి వెంట్రుకలది. రంగు ఎత్తాక ఒక్కటే గీత, మళ్లీ రుద్దొద్దు. నారింజకి బ్రష్ వేరే పెట్టుకోండి. టర్పెంటైన్ తొలి పల్చటి గీతలకే, ఆపైన ట్యూబులోంచి వచ్చింది వచ్చినట్టే.

యానాం కుంచె:
పడవల కింద నీడకి నలుపు వాడాను. ఉంచనా?

గోదారి పాయ:
ఆరకముందే నైఫుతో గీకేయండి. నీడని ఒప్పుకోకపోవడమే ఆ వేసవి దెరేన్ పట్టిన కిటుకు. తోటి చిత్రకారుడు వ్లామింక్‌కి రాసిన ఉత్తరంలోనూ ఆ మాటే చెప్పాడు. పడవ కింద అల్ట్రామెరీన్ నీలం, వయొలెట్, అక్కడక్కడ విరిడియన్ ఆకుపచ్చ పెట్టండి. అసలు చిక్కు మన నీళ్లది. అక్కడ మధ్యధరా నీలం, ఇక్కడ వరదొస్తే ఎర్రనీళ్లు. దానికని బ్రౌన్ కలిపారో మళ్లీ బురదే. ఓకర్ (మట్టి పసుపు), నారింజ గీతల సందుల్లో లేత వయొలెట్ విడిగా పెట్టండి, దూరం నుంచి చూస్తే కన్నే కలుపుకుంటుంది. రెండు ఊళ్లకీ సముద్రం తూర్పే గనక పొద్దుటి ఎదురెండ కలిసొస్తుంది: పడవ అంచుకి నారింజ, పొట్టకి నీలం.

రేవు గీతలు:
తెలుపు తగ్గించండి, ఎక్కువైతే సున్నం కొట్టినట్టుంటుంది. వానాకాలం మందపాటి గీత ఆరడానికి వారాలు పడుతుంది. గోడకి ఆనిస్తే వెనకాల బూజు పడుతుంది, గాలాడనివ్వండి. వార్నిష్ ఆరు నెలలు దాటాకే.

గోదారి పాయ:
ఇంకోటి, నకలుకి 1905, 1906 బొమ్మలే తీసుకోండి, కొల్యూర్‌వీ, బొమ్మల వ్యాపారి వొలార్ పంపితే లండన్ వెళ్లి వేసిన థేమ్స్ బొమ్మలూ. ఆ తర్వాత కొన్నేళ్లకే ఈ రంగులు వదిలేశాడు, తర్వాతివి చూస్తే మీ పాలెట్ మళ్లీ గోధుమలోకి జారుతుంది.