ఆండ్రాయిడ్ యాప్‌లో గడియారం: సెకన్లు దాటిపోతున్నాయి, తెర ఆరి వెలిగాక సమయం వెనకబడుతోంది

తిరుపతి_కౌంటర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తిరుపతి రైల్వే స్టేషన్‌కు దగ్గరలో మా మామగారు నడుపుతున్న లాడ్జిలో, కౌంటర్ మీద ఒక పాత ట్యాబ్లెట్‌ను నిలబెట్టి, పెద్ద అంకెలతో సమయం చూపే చిన్న ఆండ్రాయిడ్ యాప్‌ను కోట్లిన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తున్నాను. గోడ గడియారం ఉండగా ఇదెందుకని అడగవచ్చు. మా దగ్గర గదులు 24 గంటల చెకౌట్ పద్ధతిలో ఇస్తారు. కొండకు వెళ్లి వచ్చే యాత్రికులు తాము గదిలో ఎన్నింటికి దిగారో, ఇంకా ఎంతసేపు ఉండవచ్చో కౌంటర్ దగ్గరకు వచ్చి అడుగుతూనే ఉంటారు. ఆ వివరం గది నంబరు వారీగా గడియారం కిందనే కనిపించాలని నా ఆలోచన. దర్శనం టోకెన్‌లో ఉన్న వేళకు బయలుదేరేవారికి కూడా సరైన సమయం కళ్లెదుట ఉండటం మంచిదే కదా.

ప్రస్తుతం కోడ్ ఇలా నడుస్తోంది. యాప్ తెరుచుకోగానే సిస్టమ్ సమయాన్ని ఒకసారి చదివి గంట, నిమిషం, సెకను అనే మూడు వేరియబుల్స్‌లో ఉంచుకుంటుంది. చెప్పిన గడువు తరువాత ఒక పనిని పిలిచే హ్యాండ్లర్‌లోని పోస్ట్‌డిలేడ్‌కు 1000 మిల్లీసెకన్ల గడువు ఇచ్చి, అది పిలిచిన ప్రతిసారీ సెకనుకు ఒకటి కలిపి, 60 నిండితే నిమిషానికి ఒకటి కలిపి, ఆ విలువలను తెర మీద అక్షరాలు చూపే టెక్స్ట్‌వ్యూలో రాసి, మళ్లీ అదే గడువు ఇస్తుంది. ఉదయం సరిగ్గా ఉన్న ఈ గడియారం సాయంత్రానికి పైన స్టేటస్ బార్‌లో ఉన్న సమయం కంటే వెనకబడుతోంది. తెర ఆరిపోయి మళ్లీ వెలిగితే తేడా ఏకంగా నిమిషాల్లో ఉంటోంది. ప్రతి టిక్కుకూ సమయాన్ని కొత్తగా చదివేలా మార్చి చూస్తే వెనకబడటం పోయింది గానీ, అప్పుడప్పుడు 12 తరువాత 13 కనిపించకుండానే 14 వచ్చేస్తోంది. ఇది ట్యాబ్లెట్ పాతదైనందువల్లా, కోడ్ వల్లా?

చిత్తూరు_కోట్లిన్

ట్యాబ్లెట్ తప్పేమీ లేదండీ, కొత్తది కొన్నా ఇదే జరుగుతుంది. పోస్ట్‌డిలేడ్‌కు 1000 అని చెప్పామంటే సరిగ్గా 1000 మిల్లీసెకన్లకు పిలవమని అర్థం కాదు, అంతకంటే ముందు పిలవవద్దని మాత్రమే. గడువు తీరే వేళకు, తెర పనులన్నీ ఒకదాని తరువాత ఒకటి నడిపే మెయిన్ థ్రెడ్ మరో పనిలో ఉంటే మీ వంతు వచ్చేదాకా ఆగవలసిందే. పైగా మీ పని పూర్తయ్యాక గానీ తరువాతి గడువు మొదలు కాదు. టిక్కుకు 3 మిల్లీసెకన్ల ఆలస్యమే అనుకున్నా, గంటలో వచ్చే దాదాపు 3600 టిక్కులకు కలిపి సుమారు 11 సెకన్లు, రోజు మొత్తానికి 4 నిమిషాలకు పైగా పోతాయి.

తెర ఆరినప్పుడు జరిగేది వేరు. హ్యాండ్లర్ తన గడువులను అప్‌టైమ్‌మిల్లిస్ అనే లోపలి గడియారంతో కొలుస్తుంది. ప్రాసెసర్ గాఢనిద్రలోకి వెళ్లినంతసేపు ఆ గడియారం కూడా ఆగిపోతుంది కనుక, ట్యాబ్లెట్ నిద్రపోయిన ప్రతి నిమిషమూ మీ లెక్కలోకి రాకుండానే గడిచిపోతుంది. అందుచేత సెకన్లను మనం లెక్కపెట్టుకోవడమనే పద్ధతినే వదిలేయాలి. టైమర్ పని తలుపు తట్టడం వరకే. ఎంతైందన్నది ప్రతిసారీ సిస్టమ్‌ను అడిగి తెలుసుకోవాలి. మీరు రెండోసారి చేసిన మార్పు సరైనదే, దానికి ఒక్క సవరణ చాలు.

13 కనిపించకపోవడానికి కారణం చూడండి. ఒక టిక్కు 12.999 సెకన్ల దగ్గర పడి తెర మీద 12 అని రాసిందనుకుందాం. తరువాతి టిక్కు 1003 మిల్లీసెకన్లకు వస్తే అప్పటికి 14.002 అవుతుంది. 13వ సెకను ఆ రెండింటి మధ్య మొత్తంగా గడిచిపోయింది. కాబట్టి గడువుగా ఎప్పుడూ 1000 ఇవ్వకుండా, తరువాతి సెకను మొదలవడానికి ఎంత మిగిలిందో అంతే ఇవ్వాలి. ఇప్పటి సమయాన్ని మిల్లీసెకన్లలో చెప్పే కరెంట్‌టైమ్‌మిల్లిస్ ఇచ్చే సంఖ్యను 1000తో భాగించగా వచ్చే శేషాన్ని 1000లోంచి తీసివేస్తే ఆ గడువు వస్తుంది. శేషం 347 అయితే 653 మిల్లీసెకన్ల తరువాత పిలవమని చెప్పాలి. ఒక టిక్కు కొంచెం ఆలస్యమైనా, ఆ ఆలస్యం తరువాతి గడువులో తగ్గిపోతుంది కనుక పోగుపడదు.

ఈ టిక్కుల వరుసను, యాప్ తెర మీదకు వచ్చినప్పుడు నడిచే ఆన్‌స్టార్ట్‌లో మొదలుపెట్టి, తెర మీద నుంచి తప్పుకున్నప్పుడు నడిచే ఆన్‌స్టాప్‌లో రిమూవ్‌కాల్‌బ్యాక్స్‌తో తప్పకుండా ఆపండి. మొదలుపెట్టేటప్పుడు గడువు కోసం ఎదురుచూడకుండా వెంటనే ఒకసారి తెర మీద రాయండి, లేకపోతే తెర వెలిగిన క్షణంలో పాత సమయం కనిపించి మాయమవుతుంది. ఆపడం వదిలేస్తే, యాప్‌లోకి తిరిగి వచ్చిన ప్రతిసారీ ఇంకొక వరుస తోడై, సెకనుకు రెండు మూడు సార్లు అదే పని జరుగుతూ ఉంటుంది. గడియారం సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి ఈ లోపం బయటపడటానికి చాలా కాలం పడుతుంది.

చెకౌట్ విషయంలోనూ ఇదే సూత్రం. మిగిలిన సమయాన్ని ఎక్కడా దాచి తగ్గిస్తూ పోకండి. గది ఇచ్చిన క్షణాన్ని మిల్లీసెకన్లలో భద్రపరచి, దానికి 24 గంటల మిల్లీసెకన్లు 8,64,00,000 కలిపి, అందులోంచి ఇప్పటి సమయాన్ని తీసివేసి చూపండి. ఆ క్షణాన్ని పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ రకంలోనే ఉంచాలి. మామూలు పూర్ణాంకాల రకమైన ఇంట్ అయితే 214 కోట్ల పైచిలుకు దగ్గరే ఆగిపోతుంది, 1970 నుంచి లెక్కించే మిల్లీసెకన్లు దానిలో పట్టవు.

కాళహస్తి_యాప్స్

పై సమాధానం సరైనదే గానీ, అంకెల గడియారం వరకైతే ఇంత శ్రమ అక్కర్లేదని నా అభిప్రాయం. ఆండ్రాయిడ్ 4.2 నుంచి టెక్స్ట్‌క్లాక్ అనే వ్యూ (తెర మీద పెట్టుకునే భాగం) సిద్ధంగా ఉంది. లేఅవుట్‌లో పెట్టి, ఫార్మాట్ ఇస్తే చాలు. సమయం మారినా, టైమ్ జోన్ మారినా అదే సర్దుకుంటుంది, తెర మీద లేనప్పుడు ఆగుతుంది. టైమ్ జోన్‌గా ఆసియా/కోల్‌కతా అని మీరే రాసిపెట్టండి, ఎందుకంటే రీసెట్ చేసిన పాత ట్యాబ్లెట్లలో ఏ జోన్ ఉంటుందో చెప్పలేం.

ఫార్మాట్ దగ్గర రెండు చిక్కులు ఉన్నాయి. టెక్స్ట్‌క్లాక్‌కు 12 గంటల ఫార్మాట్, 24 గంటల ఫార్మాట్ విడివిడిగా ఉంటాయి, ఏది వాడాలో సెట్టింగ్స్‌ను బట్టి అదే నిర్ణయించుకుంటుంది. మీకు ఎప్పుడూ 12 గంటల పద్ధతే కావాలంటే రెండింటికీ ఒకే ఫార్మాట్ ఇవ్వాలి. రెండోది, ఎం అక్షరం చిన్నదైతే నిమిషం, పెద్దదైతే నెల. ఈ తేడా చూసుకోకపోతే మార్చి నెలంతా గడియారంలో నిమిషాల చోట 03 కదలకుండా ఉంటుంది.

తెలుగు అంకెలు పెట్టాలన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. యూనికోడ్‌లో సున్నా నుంచి తొమ్మిది దాకా వరుసగానే ఉన్నాయి కనుక మార్చడం సులువే. అయితే మీ కౌంటర్ ముందు నిలబడేవారిలో తమిళులు, కన్నడిగులు ఎందరో ఉంటారు. మనవాళ్లలోనూ తెలుగు అంకెలను చూడగానే చదవగలిగేవారు తక్కువ. అంకెలు మామూలువే ఉంచి, ఏఎం, పీఎం అన్న చోట ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని గంటను బట్టి రాయడం మేలు.

చిత్తూరు_కోట్లిన్

కాళహస్తి_యాప్స్ గారి మాట నిమిషాల వరకు చూపే గడియారానికి పూర్తిగా ఒప్పుకుంటాను. సెకన్లు చూపాలంటే మాత్రం ఒక సందేహం. పాత ఆండ్రాయిడ్ వెర్షన్లలో టెక్స్ట్‌క్లాక్ కూడా శేషం లెక్కనే వాడుతుంది గానీ, ఆ శేషాన్ని అప్‌టైమ్‌మిల్లిస్ మీద తీస్తుంది. అందువల్ల అంకె మారే క్షణం అసలు సెకను మొదలయ్యే క్షణంతో కలవకపోవచ్చు. తేడా ఒక్క సెకను లోపే, అది పెరగదు కూడా. లాడ్జి కౌంటర్‌కు అది లెక్కలోకి వచ్చే విషయం కాదు, కానీ పక్కనే మరో గడియారం పెట్టి పోల్చేవారికి కంటికి కనిపిస్తుంది.

తిరుపతి_కౌంటర్

ఇద్దరికీ కృతజ్ఞతలు. శేషం పద్ధతి పెట్టాక సెకన్లు వరుసగా వస్తున్నాయి, తెర ఆరి వెలిగినా సమయం సరిగ్గానే ఉంది. మామగారు చూసి ఇంకొక కోరిక కోరారు. అంకెలకు బదులు ముల్లులు తిరిగే డయల్ కావాలని, దాని మీద ఆ రోజు రాహుకాలం ఎర్రటి పట్టీలా కనిపించాలని అంటున్నారు. గది ఖాళీ చేసి బయలుదేరేవారు ఆ వేళ ఎప్పుడని అడుగుతారట. అనలాగ్‌క్లాక్ అనే వ్యూ ఉందని చదివాను, దాన్ని వాడవచ్చా?

పలమనేరు_మాస్టారు

అనలాగ్‌క్లాక్‌ను ఆండ్రాయిడ్ 6.0 నాడే వాడవద్దని గుర్తుపెట్టారు. అదీగాక దాని మీద మీ ఎర్ర పట్టీ గీయడం కంటే సొంతంగా ఒక వ్యూ రాసుకోవడమే తేలిక. నేను పిల్లలకు ప్రోగ్రామింగ్ చెప్పేటప్పుడు ఈ డయల్‌ను తరచుగా గీయిస్తాను, ఎందుకంటే కోణాల లెక్క ఎక్కడ తప్పిందో తెర మీదే తెలిసిపోతుంది.

సెకన్ల ముల్లు సెకనుకు 6 డిగ్రీలు తిరుగుతుంది. నిమిషాల ముల్లు నిమిషానికి 6 డిగ్రీలు. గంటల ముల్లు గంటకు 30 డిగ్రీలు తిరుగుతూ, ప్రతి నిమిషానికీ అర డిగ్రీ జరగాలి. 10 గంటల 10 నిమిషాలకు అది 300 మీద కాక 305 డిగ్రీల మీద ఉండాలన్నమాట. పిల్లలు చాలామంది నిమిషాలను 60తో భాగించి 30తో హెచ్చిస్తారు. గణితంలో అది సరైనదే, కోట్లిన్‌లో రెండూ ఇంట్‌లైతే భాగహారం ఫలితం సున్నా అవుతుంది. దాంతో గంటల ముల్లు గంటంతా కదలకుండా ఉండి, 10:59 తరువాత ఒక్కసారిగా 11 మీదికి దూకుతుంది. నిమిషాలను నేరుగా 0.5తో హెచ్చిస్తే ఆ ఇబ్బంది రాదు.

గీయడానికి సైన్, కొసైన్ అవసరం లేదు. గీసే పలక లాంటి కాన్వాస్‌ను సేవ్ చేసి, కేంద్రం చుట్టూ ఆ కోణం మేర రొటేట్ చేసి, కేంద్రం నుంచి నిలువుగా పైకి ఒక గీత గీసి, రిస్టోర్ చేయండి. నిలువు గీత అంటే 12 వైపే కనుక కోణాన్ని సవరించే పని ఉండదు. ఎర్ర పట్టీకి వాడే డ్రాఆర్క్ మాత్రం సున్నా డిగ్రీలను 3 గంటల స్థానం నుంచి లెక్కిస్తుంది, కాబట్టి దానికి ఇచ్చే మొదటి కోణంలోంచి 90 తీసివేయాలి. ఒకే డయల్‌లో ఈ రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉంటాయి కనుక ముల్లులు సరిగ్గా ఉండి పట్టీ మాత్రం పావు చుట్టు పక్కకు పోవడం తరచుగా జరుగుతుంది. అలా కనిపిస్తే వెతకవలసింది ఈ 90 కోసమే.

రాహుకాలానికి సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు ఉన్న పగటిని 8 సమభాగాలు చేస్తారు. సోమవారం రెండోది, శనివారం మూడోది, శుక్రవారం నాలుగోది, బుధవారం అయిదోది, గురువారం ఆరోది, మంగళవారం ఏడోది, ఆదివారం ఎనిమిదోది. పగలు 6 నుంచి 6 వరకు అనుకుంటే సోమవారం 7:30 నుంచి 9:00 దాకా వస్తుంది. అర్ధరాత్రి నుంచి 7:30కి 450 నిమిషాలు. సగం చేస్తే 225, అందులో 90 తీస్తే 135. పట్టీ 135 డిగ్రీల దగ్గర మొదలై 45 డిగ్రీలు సాగాలి. డయల్ 12 గంటలదే కాబట్టి అదే పట్టీ రాత్రి 7:30కి కూడా రాహుకాలంలా కనిపిస్తుంది. అందుచేత ఆ వేళ గడవగానే పట్టీని తీసేసి, మరుసటి రోజుది అర్ధరాత్రి దాటాక గీయండి. ఆదివారం రాహుకాలం సాయంత్రం 4:30కి మొదలవుతుంది కనుక ఆ రోజు మధ్యాహ్నం 12 దాటాకే పట్టీ చూపాలి, లేకుంటే తెల్లవారుజామున 4:30కి దిగే యాత్రికులు కంగారుపడతారు. మంగళ, బుధ, గురువారాలకూ ఇదే నియమం పెట్టండి.

రంగు, గీత మందం లాంటివి ఉంచుకునే పెయింట్ వస్తువులను, వ్యూ గీసిన ప్రతిసారీ నడిచే ఆన్‌డ్రాలో సృష్టించకండి, వ్యూ పుట్టినప్పుడే ఒకసారి చేసి ఉంచుకోండి. అంకెలు, గీతలు కదలవు కాబట్టి వాటిని సైజు తెలిసినప్పుడు ఒక బిట్‌మ్యాప్‌లో గీసి పెట్టుకుంటే పాత ట్యాబ్లెట్‌కు భారం తగ్గుతుంది.

కాళహస్తి_యాప్స్

మాస్టారు గారూ, 6 నుంచి 6 అన్న లెక్క క్యాలెండర్ల కోసం వాడే సగటు. తిరుపతిలో సూర్యోదయం ఏడాది పొడవునా మొత్తం మీద ఇంచుమించు గంట మేర జరుగుతుంది, పగటి పొడవు మారితే ఒక్కో భాగం 90 నిమిషాలకు మించడమో తగ్గడమో ఉంటుంది. మన సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. తిరుపతి దానికి సుమారు 3 డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇక్కడ సూర్యుడు 12 నిమిషాలు ఆలస్యం. పంచాంగం చూసి వచ్చే యాత్రికుడు కౌంటర్ దగ్గర వాదనకు దిగకుండా ఉండాలంటే, 6:00 అన్న సంఖ్యను కోడ్‌లో నాటుకోకుండా, సూర్యోదయాస్తమయాలను బయటి నుంచి అందుకునేలా రాసుకోవాలి. మొదట నెలవారీ పట్టికతో మొదలుపెట్టినా సరిపోతుంది.

తిరుపతి_కౌంటర్

అలాగే చేస్తానండీ, మామగారి దగ్గర ఉన్న పంచాంగం నుంచే పట్టిక తయారు చేసుకుంటాను. చివరిగా ఒక సందేహం. ఆదివారం పట్టీ సరిగ్గా వస్తుందో లేదో తెలుసుకోవడానికి ఆదివారం దాకా ఆగాలా? ట్యాబ్లెట్ తేదీ మార్చి చూస్తే చెకౌట్ లెక్కలు తారుమారవుతున్నాయి.

పలమనేరు_మాస్టారు

తేదీని ముట్టుకోవద్దు, ఆటోమేటిక్ తేదీ, సమయం అన్న సెట్టింగ్‌ను ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి. జావా టైమ్‌లో క్లాక్ అనే క్లాస్ ఉంది, ఆండ్రాయిడ్ 8.0 నుంచి నేరుగా దొరుకుతుంది, పాతవాటికి ఇలాంటి కొత్త క్లాసులను అందించే డీషుగరింగ్ ఆన్ చేసుకోవాలి. మీ వ్యూ సమయాన్ని ఆ క్లాక్ ద్వారా చదివేలా రాసి, మామూలుగా సిస్టమ్ క్లాక్‌ను, పరీక్షించేటప్పుడు మనం చెప్పిన సమయం దగ్గరే ఆగి ఉండే ఫిక్స్‌డ్ క్లాక్‌ను ఇవ్వండి. అప్పుడు ఏ వారమైనా ఏ వేళైనా తెర మీద నిలబెట్టి చూడవచ్చు. ముఖ్యంగా 11:59:59, మధ్యాహ్నం 12:00:00, 12:59:59, అర్ధరాత్రి 12:00:00 చూడండి. గంటను 12తో భాగించి శేషం తీయడం మరచిపోయినా గంటల ముల్లు తప్పదు గానీ, ఉదయం, రాత్రి అని రాసే చోట తప్పు ఉంటే అది ఈ నాలుగు వేళల్లోనే బయటపడుతుంది. తెర ఆరకుండా ఉండాలంటే వ్యూకు కీప్‌స్క్రీన్‌ఆన్ అనే లక్షణాన్ని ట్రూ చేస్తే చాలు, దానికి ప్రత్యేకంగా అనుమతులు అడగనక్కర్లేదు. ఛార్జర్ మాత్రం తగిలించే ఉంచండి.