అమ్మానాన్నలతో సింగపూర్: హోటల్ బుక్ చేసే ముందు ఏమేం చూసుకోవాలి?

మిర్యాలగూడ నుంచి:
అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో అమ్మానాన్నల్ని సింగపూర్ తీసుకెళ్తున్నాను. ఇద్దరికీ ఇదే మొదటి విమాన ప్రయాణం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాన్న గుడ్డు కూడా ముట్టరు. శంషాబాద్‌లో రాత్రి ఎక్కితే పొద్దున ఆరింటికి అక్కడ దిగుతాం. లిటిల్ ఇండియాలో ఒక హోటల్ నచ్చింది. ఒకే గదికి రెండు రేట్లున్నాయి. డబ్బు వాపసు రానిది తక్కువ, క్యాన్సిల్ చేసుకునే వీలున్నది కొంచెం ఎక్కువ. వీసా ఇంకా రాలేదు. ఏది తీసుకోవాలి? టెన్షన్‌గా ఉంది.

పాలమూరు నుంచి:
తమ్ముడూ, వీసా చేతికి రాకముందు వాపసు రాని రేటు జోలికి పోవద్దు. వీసా రాలేదంటే హోటల్‌వాళ్లు వినాల్సిన పని లేదు. క్యాన్సిల్ గడువు మాత్రం రాసిపెట్టుకో. అది సాధారణంగా అక్కడి టైమ్ ప్రకారం ఉంటుంది. అక్కడ రాత్రి 12 అయ్యేసరికి మనకు తొమ్మిదిన్నరే.

నాకు అంతకంటే దిగులు ఆ పొద్దున ఆరింటి సంగతే. చాలా హోటళ్లు గది ఇచ్చేది మధ్యాహ్నం 2కో 3కో. ముందే కావాలని టిక్ పెట్టినా ఖాళీ ఉంటేనే ఇస్తారు. రాత్రంతా నిద్ర లేని అమ్మను, ఆ మోకాళ్లతో, మధ్యాహ్నం దాకా లాబీ కుర్చీలో ఎట్లా కూర్చోబెడతావు? ఖర్చయినా ముందు రాత్రి నుంచే గది తీసుకో. అయితే ఆ రాత్రి ఎవరూ రాలేదని బుకింగ్ మొత్తం కొట్టేసే ప్రమాదం ఉంది. అందుకే "తెల్లారి వస్తాం, గది ఉంచండి" అని హోటల్‌కే మెయిల్ పెట్టి, సరేనని జవాబు తెప్పించుకో. ఫోన్‌లో ఒప్పుకున్నది కౌంటర్ దగ్గర పనికిరాదు.

ఇంకొకటి. హోటల్ పేజీలో సౌకర్యాలన్నీ కలిపి రాస్తారు. నీ గదికి ఏమున్నాయో ఆ గది పేరు మీద నొక్కితేనే తెలుస్తుంది. లిటిల్ ఇండియాలో తక్కువ రేటు గదులకు చాలాచోట్ల కిటికీయే ఉండదు. పాత దుకాణాల ఇళ్లను మార్చి కట్టిన హోటల్ అయితే లిఫ్టు ఉందో లేదో కనుక్కో. బాత్‌రూమ్ ఫొటో పెద్దది చేసి చూడు. దుబాయ్‌లో మా అత్తమ్మ టబ్ గట్టు దాటడానికి రోజూ ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చెయ్యి గోడ మీద పెట్టేది. ఆ గోడకు పట్టుకోవడానికి ఒక్క కడ్డీ లేదు. అమ్మకు టబ్ వద్దు, నేలకు సమంగా షవర్ ఉన్న గదే అడుగు.

దేవరకొండ నుంచి:
అక్క చెప్పినవన్నీ నిజం. డబ్బు సంగతి నేను చెప్తా. రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10 శాతం సర్వీస్ చార్జి, 9 శాతం జీఎస్టీ అదనం. చివరి పేజీలో వచ్చే మొత్తమే చూడండి. చెక్-ఇన్ అప్పుడు డిపాజిట్ కింద కార్డు మీద కొంత ఆపుతారు. డెబిట్ కార్డిస్తే మీ ఖాతాలో డబ్బే ఆగిపోతుంది, తిరిగి రావడానికి రోజులు పట్టొచ్చు. క్రెడిట్ కార్డే ఇవ్వండి. దాంట్లో అంతర్జాతీయ వాడకం ఇక్కడే ఆన్ చేసుకోండి. మిషన్ "రూపాయల్లో కట్టాలా" అని అడిగితే వద్దని సింగపూర్ డాలర్లే నొక్కండి.

మిర్యాలగూడ నుంచి:
అక్కా, ఇప్పుడే చూశాను, నేను అనుకున్న గదికి కిటికీ లేదు. వేరే గది చూసి మెయిల్ పెట్టాను. నాన్న కోసం బ్రేక్‌ఫాస్ట్ కలిపిన రేటు తీసుకోవాలా?

పాలమూరు నుంచి:
అవసరం లేదు తమ్ముడూ. లిటిల్ ఇండియాలోనే సెరంగూన్ రోడ్డు మీద శాకాహార హోటళ్లున్నాయి, ఇడ్లీ, దోశ దొరుకుతాయి. అమ్మ మందులకు వేడినీళ్లు కావాలి కదా, గదిలో కెటిల్ ఉందో లేదో అదే మెయిల్‌లో అడుగు. అక్కడి ప్లగ్గులకు మూడు చదరపు పిన్నులుంటాయి, అడాప్టర్ ఇక్కడే కొనుక్కో. సింగపూర్ అరైవల్ కార్డులో, అంటే ఆ దేశంలో దిగేముందు నింపే ఫారంలో, హోటల్ అడ్రస్ అడుగుతారు. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపే అది ఆన్‌లైన్‌లో నింపాలి, డబ్బులేమీ కట్టక్కర్లేదు.