కండరానికి అసలు ఇంధనం ఏది: క్రియాటిన్ ఫాస్ఫేటా, ఏటీపీయా?

ప్రశ్న (మైలాపూరు, చెన్నై)

నేను ఇక్కడ ప్లస్ టూ విద్యార్థులకు జీవశాస్త్రం బోధిస్తున్నాను. కండర సంకోచానికి శక్తినిచ్చేది ఏటీపీ (కణాలు శక్తి కోసం వాడే, మూడు ఫాస్ఫేట్లున్న అణువు) అని చెప్పగానే ఒక అమ్మాయి లేచి, వంద మీటర్ల పరుగు ముగిసేసరికి కండరంలో ఫాస్ఫేట్‌ను నిల్వ ఉంచే క్రియాటిన్ ఫాస్ఫేట్ బాగా తరిగిపోతుంది, ఏటీపీ మాత్రం అంతగా తగ్గదు, మరి ఖర్చయినదాన్ని వదిలిపెట్టి ఖర్చుకానిదాన్ని ఇంధనమని ఎలా అంటామని అడిగింది. నేనిచ్చిన సమాధానం నాకే తృప్తినివ్వలేదు. ఏటీపీయే ఇంధనమని ప్రయోగంతో ఎలా రుజువు చేశారో తెలిసినవారు దయచేసి వివరించండి.

సమాధానం 1 (బయోకెమిస్ట్రీ అధ్యాపకురాలు, అడయారు)

మాష్టారూ, ఆ అమ్మాయిని నా తరఫున అభినందించండి. శాస్త్రవేత్తలను ముప్ఫై ఏళ్లకు పైగా పట్టి ఉంచిన ప్రశ్న అది.

మన చెన్నై ఇళ్ల నీటి ఏర్పాటునే తీసుకోండి. కుళాయికి నీళ్లు వచ్చేది మేడమీది ట్యాంకు నుంచే అయినా, అందులో మట్టం కాస్త దిగగానే మోటారు కింది సంపులోంచి తోడి నింపుతూ ఉంటే, సాయంత్రానికి తగ్గి కనిపించేది సంపే. ఏటీపీ ట్యాంకు, క్రియాటిన్ ఫాస్ఫేట్ సంపు, క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమ్ మోటారు. కిలో కండరంలో ఏటీపీ సుమారు 5 నుంచి 6 మిల్లీమోల్స్ మాత్రమే ఉంటుంది కనుక, పూర్తి బలంతో పరుగెత్తితే అది రెండు మూడు సెకన్లకు మించి సరిపోదు. దానికి మూడు నాలుగు రెట్లున్న క్రియాటిన్ ఫాస్ఫేట్ తన ఫాస్ఫేట్‌ను ఏడీపీకి (ఏటీపీ ఒక ఫాస్ఫేట్ కోల్పోతే మిగిలేదానికి) అందించి మళ్లీ ఏటీపీని తయారుచేస్తుంది.

రుజువు కావాలంటే మోటారును ఆపి చూడాలి. 1962లో కెయిన్, డేవీస్ అనే శాస్త్రవేత్తలు సరిగ్గా ఆ పనే చేశారు. కప్ప కండరంలోని క్రియాటిన్ కైనేజ్‌ను ఫ్లోరోడైనైట్రోబెంజీన్ అనే రసాయనంతో పనిచేయకుండా చేసి సంకోచింపజేస్తే, ఈసారి క్రియాటిన్ ఫాస్ఫేట్ కదలలేదు, ఏటీపీ తగ్గింది.

సమాధానం 2 (ట్రిప్లికేన్)

దీని వెనుక మన ఊరితో ముడిపడిన చరిత్ర ఉన్నది కనుక తరగతిలో అది కూడా చెప్పండి. భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే నీలిరంగు పద్ధతిని 1925లో ప్రచురించారు. కండర ద్రావణంతో ఆ పరీక్ష చేసినప్పుడు రంగు వెంటనే రాకుండా మెల్లగా ముదరడాన్ని వారు పరీక్షలోని లోపమని తోసిపుచ్చకుండా, ఏదో అస్థిరమైన సమ్మేళనం నుంచి ఫాస్ఫేట్ కొద్దికొద్దిగా విడుదలవుతున్నదని గ్రహించారు. 1927లో వెలుగులోకి వచ్చిన ఆ సమ్మేళనమే క్రియాటిన్ ఫాస్ఫేట్. కండరం పనిచేస్తే అది తగ్గుతుందనీ, విశ్రాంతిలో మళ్లీ పెరుగుతుందనీ కూడా వారు చూపారు. ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో వీరిద్దరు వేర్వేరుగా కనుగొన్నారు. సంకోచానికి మూలం లాక్టిక్ ఆమ్లమన్న అప్పటి నమ్మకం, అది పుట్టకుండా అయొడోఅసిటేట్ అనే రసాయనంతో అడ్డుకున్నా కండరం కొంతసేపు సంకోచిస్తుందని 1930లో శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ చూపడంతో కూలిపోయింది.

ప్రశ్న అడిగినవారు

ట్యాంకు పోలిక చాలా ఉపకరిస్తుంది, కృతజ్ఞతలు. కానీ ఏటీపీ పూర్తిగా అయిపోతే కండరం సడలాలి కదా, మరణం తరువాత బిగుసుకుపోవడానికి కారణమేమిటి?

సమాధానం 3 (వైద్య విద్యార్థి, చెన్నై)

సార్, ఏటీపీ లేకపోతే కండరం సడలదు, ఎందుకంటే ఏటీపీ వచ్చి అతుక్కున్నప్పుడే మయోసిన్ అనే కండర ప్రోటీన్ తల, తాను పట్టుకొని లాగే ఆక్టిన్ అనే మరో ప్రోటీన్ పోగును వదులుతుంది. ఆ తరువాత ఏటీపీ ఏడీపీగా, ఫాస్ఫేట్‌గా విడిపోతుంది, తల ఎక్కుపెట్టిన విల్లులా సిద్ధమవుతుంది. తిరిగి ఆక్టిన్‌ను పట్టుకొని ఫాస్ఫేట్‌ను విడిచే దశలోనే లాగుడు జరుగుతుంది. మరణం తరువాత వదిలించే ఏటీపీ ఉండదు, సంకోచాన్ని మొదలుపెట్టే కాల్షియాన్ని తిరిగి తోడే పంపుకు కూడా ఏటీపీయే కావాలి కనుక అదీ ఆగిపోతుంది, అందువల్ల పట్టుకున్న తలలు పట్టుకున్నట్లే ఉండిపోతాయి.