రేడియోహెడ్ టాప్ పాటల్లో క్రీప్ ఉండాలా వద్దా? నా లెక్కలో అసలు బ్యాండ్ 2000 నుంచే

గంటస్తంభం_బేస్ (విజయనగరం):
కాలేజీ ఫెస్ట్ మా ఊళ్లో అవనీ వైజాగ్‌లో అవనీ, గిటార్ పట్టుకున్న ప్రతి గుంటడూ క్రీప్ వాయించీసి దిగిపోతాడు, చప్పట్లూ దానికే, రేడియోహెడ్ అనే ఆ ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ అంటే ఇంకేటీ లేనట్టు. నాకు చాలా బాధేస్తాది. 1992లో వచ్చిన ఒక్క పాట దగ్గరే ఆగిపోతే ఆ తర్వాత వాళ్లు చేసిందంతా ఎవరు వినాలి? అందుకే అడుగుతున్నాను, మీ టాప్ పాటలు చెప్పండి, అందులో క్రీప్ ఉండాలా వద్దా కూడా చెప్పండి.

నా లిస్ట్ ముందే పెట్టేస్తున్నా. ఐడియొటెక్, పిరమిడ్ సాంగ్, ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్, రెకనర్, వియర్డ్ ఫిషెస్. అన్నీ 2000 నుంచి వచ్చినవే, కావాలనే పెట్టాను. 1997 ఆల్బమ్ ఓకే కంప్యూటర్ వరకు వాళ్లు చాలా మంచి గిటార్ బ్యాండ్, కాదనను, కానీ మంచి గిటార్ బ్యాండ్లు ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఇంకా ఉన్నాయి. కిడ్ ఎ లాంటిది ఇంకొకళ్లు చెయ్యలేదు. 2000 అక్టోబర్లో ఒక్క సింగిల్ కూడా వదలకుండా ఆల్బమ్ దించీసారు, గిటార్లు చాలావరకు పక్కన పెట్టీసి సింథ్‌లు (ఎలక్ట్రానిక్ కీబోర్డులు), డ్రమ్ మెషీన్లు పట్టుకున్నారు, అయినా అమెరికాలో నంబర్ వన్ అయింది. ఐడియొటెక్‌లో వెనకాల తిరుగుతూనే ఉండే ఆ నాలుగు కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) ఉన్నాయి కదా, అవి పాల్ లాన్‌స్కీ అనే ఆయన 1973లో ఐబీఎం కంప్యూటర్ మీద తయారుచేసిన మ్యూజిక్‌లో ముక్క. గిటారిస్ట్ జానీ గ్రీన్‌వుడ్ చేసిన పొడుగాటి టేపు మొత్తం విని సింగర్ థామ్ యార్క్ అందులో పనికొచ్చే చిన్న భాగం ఏరాడు, దాని మీద పాట కట్టాడు. ఎప్పుడో ల్యాబ్‌లో పుట్టిన శబ్దానికి జనం ఒళ్లు మరిచిపోయి గెంతుతున్నారంటే అది మామూలు విషయమేటి?

నాగావళి_నైట్స్ (శ్రీకాకుళం):
అన్నా నీ లిస్ట్‌లో ఒక్క పాట మీద కూడా నాకు గొడవ లేదు, గొడవంతా నువ్వు క్రీప్‌ని అలగ తీసిపారేసినందుకు. ఫెస్ట్‌లో ఎవడో సరిగ్గా వాయించకపోతే తప్పు పాటదా? నాలుగే కార్డ్స్, జి, బి, సి, సి మైనర్, పాటంతా అవే తిరుగుతాయి, ఆ చివరి మైనర్ దగ్గర గుండె జారిపోతాది, ప్రతి రౌండ్‌లోనూ జారుతాది. కోరస్ ముందు గిటార్ మీద పడే ఆ రెండు మూడు మొరటు దెబ్బలు, జానీకి ఆ పాట మరీ నెమ్మదిగా ఉందని నచ్చక కొట్టినవంటారు, ఇప్పుడు అవి లేకుండా ఆ పాటని ఊహించలేం. మొదటిసారి రిలీజ్ అయినప్పుడు ఇంగ్లండ్‌లో ఎవరూ పట్టించుకోలేదు, ముందు ఇజ్రాయెల్‌లో హిట్ అయింది, 1993లో మళ్లీ వదిలితే అప్పుడు 7వ స్థానం. ఆ డబ్బూ ఆ పేరూ లేకపోతే నీ కిడ్ ఎ చెయ్యడానికి కంపెనీ వాళ్లు ఒప్పుకునేవాళ్లా?

ఇంకో మాట. పాత పాటలంటే క్రీప్ ఒక్కటే కాదు. 1995 ఫేక్ ప్లాస్టిక్ ట్రీస్ ఉంది, స్ట్రీట్ స్పిరిట్ ఉంది. నా టాప్ మాత్రం ఎగ్జిట్ మ్యూజిక్. 1996 రోమియో జూలియట్ సినిమాకి చివరి టైటిల్స్ కోసం చేసింది, ఆ గొంతు రాతి మెట్ల దగ్గర రికార్డు చేసారు, ఆ గుంయ్ మనే ప్రతిధ్వని మెషీన్‌ది కాదు, ఆ మెట్లదే. చివర్లో బేస్ బర్రుమని వచ్చీసినప్పుడు హెడ్‌ఫోన్స్‌లో వినన్నా, తర్వాత మాటాడదాం.

తోటపాలెం_మృదంగం (విజయనగరం):
బాబూ నేను రాక్ మనిషిని కాదు, మా అబ్బాయి పెట్టగా పెట్టగా అలవాటైంది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌గా మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు మాది, కాబట్టి నేను తాళం నుంచే వింటాను. 2007 ఇన్ రెయిన్‌బోస్‌లో మొదటి పాట ఫిఫ్టీన్ స్టెప్, ఐదు దెబ్బల లెక్క. తకతకిట అనుకుంటూ వినండి, ఖండచాపు వేసుకుంటూ కూర్చున్నట్టే పోతాది. మనకి ఇది చిన్నప్పుడే చేతికొచ్చే తాళం, అక్కడి రాక్ బ్యాండ్లలో ఎక్కువమంది నాలుగు దాటి బయటికి రారు. పిరమిడ్ సాంగ్ ఇంకా గడుసుది, పియానో ఒక్కటే నడిచినంతసేపూ సమం, అంటే తాళం మొదలయ్యే చోటు, ఎక్కడుందో అందదు, దాదాపు రెండు నిమిషాలకి డ్రమ్స్ వచ్చాకే లెక్క తెలుస్తాది. ఆ ఆలస్యం కోసమే నేను దాన్ని మళ్లీ మళ్లీ పెట్టించుకుంటాను.

అయితే గంటస్తంభం బాబు చెప్పిన 2000 హద్దు నాకు ఒప్పుదల లేదు. 1997 లెట్ డౌన్ తీసుకో, జానీ గిటార్ ఒక లెక్కలో పోతుంటే మిగతావాళ్లు ఇంకో లెక్కలో పోతారు, రెండూ ఒకదాని మీద ఒకటి జారుతూ కలుస్తూ ఉంటాయి. పారనాయిడ్ ఆండ్రాయిడ్‌లో మధ్యలో ఏడు వస్తాది, మళ్లీ నాలుగుకి పోతాది. ఈ బుద్ధి వాళ్లకి ముందే ఉంది.

నాగావళి_నైట్స్:
మాస్టారు చెప్పింది కరెక్ట్. అంతేకాదు, ఓకే కంప్యూటర్ మొదటి పాట ఎయిర్‌బ్యాగ్‌లో డ్రమ్స్ చూడండి, ఫిల్ సెల్వే వాయించినదాంట్లోంచి కొద్ది సెకన్లు తీసుకుని కంప్యూటర్లో కోసి అతికారు, రికార్డుల ముక్కలు అతికి పాటలు చేసే డీజే షాడో ప్రభావం అది. అంటే కంప్యూటర్ పని 1997లోనే మొదలైపోయింది, అన్న చెప్పిన గీత ఎక్కడుందేటి మరి?

గంటస్తంభం_బేస్:
ఎయిర్‌బ్యాగ్ మంచి పాయింట్, కానీ అందులో మెషీన్ పని గిటార్‌కి సాయం చెయ్యడానికి వచ్చింది. ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్‌లో గిటారే లేదు, సింథ్, ముక్కలు చేసిన గొంతు, పది దెబ్బల లెక్క, అంతే. ఐదుగురున్న బ్యాండ్‌లో కొందరికి చేతిలో పని లేకపోయినా పాట కోసం ఒప్పుకున్నారు చూడు, నేను బేస్ వాయిస్తాను కాబట్టి చెప్తున్నా, అది చాలా కష్టం. నేషనల్ యాంథెమ్‌లో బేస్, బ్యాండ్ బేసిస్ట్ కోలిన్ ఉండగా, థామే వాయించాడు. కోలిన్ ఏమీ అలగలేదు, పాటకి ఏది కావాలో అదే జరిగింది. నేను ఆ కాలాన్ని పైన పెట్టేది అందుకే, సింథ్‌ల మోజుతో కాదు.

ఆమదాలవలస_ప్యాసింజర్ (శ్రీకాకుళం జిల్లా):
మీరిద్దరూ సంవత్సరాలు పట్టుకుని కొట్టుకుంటున్నారు, నా పాట మీ ఇద్దరి లెక్కల్లోనూ పట్టదు. ట్రూ లవ్ వెయిట్స్. 1995లో స్టేజ్ మీద పాడారు, 2001 లైవ్ ఆల్బమ్‌లో థామ్ ఒక్కడే గిటార్‌తో పాడినది వచ్చింది, స్టూడియో పాటగా మాత్రం 2016లో వచ్చింది, ఎ మూన్ షేప్డ్ పూల్ చివర్లో, గిటార్ లేకుండా, పియానో మీద పియానో పరుచుకుంటూ. న్యూడ్ కూడా అంతే, ఓకే కంప్యూటర్ రోజుల నుంచి ఉన్న పాట, 2007లో గానీ ఆల్బమ్‌లోకి రాలేదు. ఇప్పుడు చెప్పండి తమ్ముళ్లూ, ఇవి పాత బ్యాండ్‌వా కొత్త బ్యాండ్‌వా?

నా వరకు 2001 గిటార్ వెర్షనే గొప్పది. అందులో మనిషి అడుగుతున్నాడు, ఇంకా ఆశ ఉంది గొంతులో, జనం వింటున్నారని తెలుసు అతనికి. 2016లో అడగడం అయిపోయింది. రెండోది బాగోలేదని కాదు, రాత్రి ఒక్కదాన్నే ఉన్నప్పుడు పెట్టుకోలేను అది.

గంటస్తంభం_బేస్:
అక్కా ఆ రెండు పాటలూ నా వైపే మాటాడుతున్నాయి. న్యూడ్ అన్నేళ్లు ఎందుకు ఆగింది? ఎలగ చేసినా కుదరక. కోలిన్ కొత్త బేస్ లైన్ వేసాక పాట నిలబడింది, 1997లో వాళ్లకి ఆ ఖాళీ వదలడం తెలీదు. ట్రూ లవ్ వెయిట్స్ కూడా అంతే, గిటార్‌తో వాయిస్తే అందరికీ వెంటనే నచ్చేస్తాది, వాళ్లకి తృప్తి లేదు కాబట్టే ఇరవై ఏళ్లు పక్కన పెట్టారు. 2016దే అసలు పాట.

ఆమదాలవలస_ప్యాసింజర్:
వాళ్లకి తృప్తి లేకపోతే అది వాళ్ల బాధ, తమ్ముడూ. పాట బైటికి వచ్చాక వినేవాళ్లకి కూడా హక్కుంటాది. ఇరవై ఏళ్లు జనం ఆ గిటార్ పాటని దాచుకున్నారు, ఒకరికొకరు ఇచ్చుకున్నారు, దాన్ని డ్రాఫ్ట్ అంటే ఒప్పుకోను.

తోటపాలెం_మృదంగం:
అమ్మా 2016ది ఇప్పుడే పెట్టించుకున్నాను. ఆ పియానోలు ఒకదానికొకటి లెక్కలో కలవవు, కావాలనే కలపలేదు. తాళం వెయ్యడానికి చెయ్యి ఎత్తాను, వెయ్యలేకపోయాను. నా ఓటు దానికి. మరి ఆ గిటార్‌ది కూడా పూర్తిగా వినాలి, లైవ్ ఆల్బమ్ పేరేటో చెప్పు.

ఆమదాలవలస_ప్యాసింజర్:
ఐ మైట్ బీ రాంగ్, మాస్టారు. చివరి పాట.

నాగావళి_నైట్స్:
మాస్టారు ఓటు అటు పడినా నేను అక్క పక్షమే. క్రీప్ కూడా నా లిస్ట్‌లోంచి తియ్యను అన్నా, ఐదో నంబర్. పైన ఎగ్జిట్ మ్యూజిక్, లెట్ డౌన్, 2001ది ట్రూ లవ్ వెయిట్స్, నీ కోసం కాదు గానీ నిజంగానే పిరమిడ్ సాంగ్.