అప్‌డేట్: కిడ్నీ రాయికి లేజర్ అయిపోయింది

నాకు పదిహేడేళ్లు, మూత్రనాళంలో 8 ఎంఎం రాయి ఇరుక్కుంది, లేజర్ అంటే భయంగా ఉందని అడిగాను కదా. అయిపోయింది. కోత లేదు, కుట్లు లేవు. మత్తు ఇచ్చి, మూత్రం వచ్చే దారిలోంచే సన్నని గొట్టం పంపి రాయిని పొడి చేశారు.

అసలు ఇబ్బంది తర్వాత పెట్టిన డీజే స్టెంట్‌తోనే, అంటే కిడ్నీ నుంచి మూత్రాశయానికి మూత్రం సాఫీగా దిగేలా కొన్నాళ్లు లోపల ఉంచే మెత్తని సన్న గొట్టం. మాటిమాటికీ మూత్రం వస్తున్నట్టు ఉండేది, పోసేటప్పుడు నడుము పక్కన లాగేది, ఎర్రగా కూడా వచ్చేది. అమ్మ చాలా కంగారుపడింది. స్టెంట్ ఉన్నన్నాళ్లూ ఇది మామూలేనని, చలిజ్వరం వస్తే మాత్రం వెంటనే రమ్మని డాక్టర్ గారు చెప్పారు. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఇంట్లో అంత టెన్షన్ ఉండేది కాదు. స్టెంట్ తీయడం నిమిషాల పనే, మత్తు జెల్ సరిపోయింది.

రాయి కాల్షియం ఆక్సలేట్‌ది. అయినా కాల్షియం ఉంటుందని పాలు మానక్కర్లేదట. ఉప్పు తగ్గించి, రోజుకు 2.5 లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగమన్నారు. ధైర్యం చెప్పిన అన్నయ్యలకు, అక్కలకు చాలా థ్యాంక్స్.