సీజెడ్ 455కి లావు బారెల్, పాత స్టాక్: చెన్నై తేమకి చెక్క మంచిదా, అల్యూమినియమా?

అడయార్_ఇరవైరెండు

అందరికీ నమస్కారం. రైఫిల్ సీజెడ్ 455, .22 ఎల్ఆర్, బోల్ట్ యాక్షన్. ముందు వాడినాయన లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర సన్న బారెల్ తీయించి లావుది వేయించారు, ట్రిగ్గర్ కూడా తేలిక చేయించారు. వెర్నియర్‌తో కొలిస్తే బారెల్ మూతి దాకా ఒకటే మందం, 22 మి.మీ. స్టాక్ (రైఫిల్ కూర్చునే చెక్క దిమ్మ) మాత్రం సన్న బారెల్‌దే. బారెల్ కూర్చునే గాడిని ఎవరో ఉలితో గోకి వెడల్పు చేసి, లోపల పచ్చి చెక్క అలాగే వదిలేశారు.

50 మీటర్ల దగ్గర, బెంచ్ మీద, ఒకే లాట్ (ఒకే విడత తయారీ) తూటాలతో మేలో 5 షాట్ల గ్రూప్ (రంధ్రాల మధ్య గరిష్ఠ దూరం) 15 మి.మీ. వచ్చేది. అక్టోబరు ఆఖర్లో వానలు పట్టాక 30 దాటుతోంది, గ్రూప్ మొత్తం కుడిపక్కకి, కాస్త పైకి జరిగింది. ఏ4 కాగితం బారెల్ కింద దూర్చి లాగితే ఫోరెండ్ (స్టాక్ ముందు భాగం) కొసకి నాలుగు వేళ్ల ఇవతల, ఎడమ పక్కన ఇరుక్కుంటోంది. ఇంకోటి, స్కోప్ ఎత్తుగా ఉండి చెంప బదులు గడ్డం ఆనుతోంది.

457 స్టాక్ ఒకటి దొరికేలా ఉంది, దీనికి కూర్చుంటుందా? లామినేట్ చెక్క (పొరలు అతికించినది) మేలా, అల్యూమినియం ఛాసీ (స్టాక్ బదులు వాడే లోహపు చట్రం) మేలా? లేక ఇక్కడి కార్పెంటర్‌తో టేకులో చేయించుకోవచ్చా?

చెక్కపని_మైలాపూర్

457 స్టాక్ వదిలేయండి. 457 రిసీవర్ (బోల్ట్ కూర్చునే ఉక్కు గూడు) 455 కంటే పొట్టిది, ఉన్నదున్నట్టు కూర్చోదు. 455కి, అందులోనూ లావు బారెల్‌కి గాడి తీసినదే కావాలి.

జబ్బు మీ కాగితమే చెప్పేసింది. ఎడమ నుంచి చెక్క నెడుతోంది కాబట్టి గ్రూప్ కుడికి పోయింది. .22 టార్గెట్ తూటా సెకనుకి 330 మీటర్ల లోపే కదులుతుంది, సెంటర్‌ఫైర్‌తో (పెద్ద రైఫిళ్ల వేగమైన తూటాలతో) పోలిస్తే బారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది. ఆ కాసేపట్లో బారెల్ ఎలా ఊగిందన్నదాని బట్టి తూటా పోతుంది. చెక్క ఒకరోజు ఆని ఒకరోజు ఆనకపోతే ఏ తూటా కొన్నా అంతే. అందుకే కొత్త స్టాక్‌కి డబ్బు పెట్టే ముందు పాతదాని గాడి సరిచేసి చూడండి.

కరెంటు పనికి వాడే 25 మి.మీ. పీవీసీ కాండ్యూట్ ఉంటుంది కదా, దాని బయటి కొలత 25. దాని చుట్టూ 80 నంబరు ఉప్పుకాగితం ఒక చుట్టు చుడితే 26 దగ్గరికి వస్తుంది. యాక్షన్ (బారెల్ బిగించిన ఉక్కు భాగం) విప్పి పక్కన పెట్టి, గాడిలో ఆ పైపుని ముందుకీ వెనక్కీ లాగుతూ పోండి. 22 మి.మీ. బారెల్ చుట్టూ 2 మి.మీ. ఖాళీ వస్తుంది. వేరే ఊళ్లో 1 మి.మీ. చాలు, చెన్నైలో నవంబరు కోసం ఆ రెండో మిల్లీమీటరు. ఉలి జోలికి పోవద్దు, మిట్టపల్లాలు అవుతాయి. గాడి అయ్యాక లోపలి పచ్చి చెక్కకి, బట్ ప్యాడ్ విప్పి దాని కింది కొసకి కూడా రెండు భాగాల పీయూ (పాలియురేథేన్) పాలిష్ మూడు కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య 320 నంబరు ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్ది వేయండి. బట్ కొస పోగుల అడ్డకోత, నీళ్లన్నీ అక్కడే పీలుస్తుంది. చాలామంది బయట అద్దంలా మెరిపించి దీన్ని పచ్చిగా వదిలేస్తారు. అవిసె నూనె అందంగా ఉంటుంది కానీ తేమని ఆపదు.

గ్రూప్ మళ్లీ 15కి వస్తే ఇక మిగిలింది చెంప ఎత్తు ఒక్కటే. యోగా మ్యాట్ ముక్కలు 5 మి.మీ. చొప్పున పేర్చి టేపు చుట్టండి. కళ్లు మూసుకుని చెంప ఆనించి, తెరవగానే స్కోప్‌లో నల్ల నీడ లేకుండా నిండు వలయం కనబడాలి. ఆ మందం రాసిపెట్టుకోండి, కొత్త స్టాక్ కొన్నా చేయించుకున్నా అదే కొలత.

గాడి తెరిచినా గ్రూప్ రాకపోతే తప్పు బెడ్డింగ్‌లో, అంటే యాక్షన్ స్టాక్‌లో కూర్చునే తీరులో, ఉంది. అది కొత్త స్టాక్‌కి కూడా చేయాల్సిందే కాబట్టి చెబుతున్నా. ముందు పరీక్ష: అయస్కాంతం బేస్ ఉన్న డయల్ గేజ్ బారెల్‌కి అతికించి, ముల్లు ఫోరెండ్ కొసకి ఆనించి, ముందు యాక్షన్ స్క్రూ మెల్లగా వదులు చేయండి. ముల్లు 0.05 మి.మీ. కంటే ఎక్కువ కదిలితే యాక్షన్ వంగి కూర్చుంటోందని లెక్క.

బెడ్డింగ్‌కి మామూలు అరాల్డైట్ చాలు, కానీ 5 నిమిషాలదీ క్లియర్‌దీ వద్దు. తూకంలో రెజిన్ 100కి హార్డెనర్ 80, కొలతలో సగం సగం. జారకుండా అల్యూమినియం పొడి కలిపి వేరుశెనగ చట్నీ చిక్కదనానికి తేవాలి. రికాయిల్ లగ్ (పేలినప్పుడు వెనక్కి తన్నే బలాన్ని స్టాక్‌కి ఆన్చే ఉక్కు ముక్క) చుట్టూ, ఆ వెనక 30 మి.మీ. మేర, వెనక స్క్రూ చుట్టూ 2 మి.మీ. లోతు చెక్క తీయండి. స్క్రూల చోట 12 మి.మీ. అల్యూమినియం గొట్టం పిల్లర్లుగా దించండి. లోపలి రంధ్రం స్క్రూ కంటే కనీసం 1 మి.మీ. పెద్దగా ఉండాలి, స్క్రూ పక్కగోడకి తగిలితే అదే రెండో రికాయిల్ లగ్‌లా పనిచేస్తుంది. లగ్ ముందు, పక్కలు, అడుగు ఒక పొర టేపు వేసి, వెనక ముఖం ఒక్కటే అరాల్డైట్‌కి ఆననివ్వండి. ఉక్కుకి తెల్ల బూట్ పాలిష్ మూడు కోట్లు. రంధ్రాలు, ట్రిగ్గర్ గూడు, ప్రతి సందూ పిల్లల బంకమట్టితో మూయండి. ఇక్కడ బద్ధకించినవాళ్లకే యాక్షన్ అతుక్కుపోతుంది. అతుక్కుంటే ఇనుప సుత్తి పట్టుకోకుండా రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున రబ్బరు సుత్తితో కింద తట్టండి, ఊడుతుంది. స్క్రూలు బిగించవద్దు, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఆ పట్టుతోనే 24 గంటలు వదిలేయండి. మన ఎండకి కలిపిన అరాల్డైట్ గంట కూడా చేతిలో ఉండదనుకుని పని మొదలుపెట్టండి.

లైసెన్స్_కాగితాలు

కార్పెంటర్ మాట వచ్చింది కాబట్టి. అతనికి రైఫిల్ ఇచ్చి రాకండి. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 3 ప్రకారం లైసెన్స్ లేనివాడి చేతిలో తుపాకి ఉంటే నేరమే. రిపేరుకి మోసుకెళ్లే మినహాయింపు కూడా లైసెన్స్‌దారు పక్కన ఉన్నప్పుడో, రాతపూర్వకంగా అనుమతి ఇచ్చినప్పుడో మాత్రమే. యాక్షన్, బారెల్ మీద పని సెక్షన్ 5 కింద లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌దే. కార్పెంటర్‌కి పాత స్టాక్ చెక్క, 22 మి.మీ. కడ్డీ ముక్క నమూనాగా ఇస్తే చాలు. బయటి దేశపు సైట్లో స్టాక్ ఆర్డర్ పెడితే కస్టమ్స్ టారిఫ్‌లో అది 9305, అంటే తుపాకి భాగం. పార్సిల్ ఆగిపోతుంది. డీలర్ ద్వారానే తెప్పించుకోండి.

హోసూర్_రోడ్_బెంగళూరు

చెక్కపని గారితో ఒక్క చోట పేచీ. ఎవరో ఉలితో గోకిన స్టాక్ మీద అంత శ్రమ దండగ. టేకు కూడా వద్దు. నూనె చెక్క, బాగా తుడవకపోతే అరాల్డైట్ పట్టదు, పోగు తిన్నగా లేని పలక అయితే రెండేళ్లలో మెలి తిరుగుతుంది. లామినేట్‌లో పొరలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, కదలిక బాగా తక్కువ. ఉన్నది బెంచ్, ప్రోన్ (బోర్లా పడుకుని) షూటింగే అయితే అల్యూమినియం ఛాసీ తీసుకుని నిశ్చింతగా ఉండండి. చెంప, బట్ పొడవు రెండూ నాబ్ తిప్పితే సర్దుకుంటాయి.

చెక్కపని_మైలాపూర్

టేకు గురించి మీరన్నది నిజం, అసిటోన్‌తో తుడిచి వెంటనే అతికించాలి. ఛాసీతో గొడవ బరువు. 22 మి.మీ. బారెల్ ఇప్పటికే ముందుకి లాగుతోంది, నిలబడి కొట్టేవాళ్లకి ఎడమ చేయి పడిపోతుంది. ఛాసీ అన్నారు కదా అని యాక్షన్ దానంతటదే సరిగ్గా కూర్చుంటుందనుకోవద్దు, డయల్ గేజ్ పరీక్ష దానికీ చేయాల్సిందే.

అడయార్_ఇరవైరెండు

పైపు చిట్కా చేశాను. కాగితం ఇప్పుడు రెండు మడతలు వేసినా యాక్షన్ దాకా జారుతోంది, గ్రూప్ 17కి దిగింది. డయల్ గేజ్ మాత్రం 0.12 చూపించింది. ఇంతలో డీలర్ దగ్గర 455 లావు బారెల్ లామినేట్ దొరికింది, తీసుకున్నాను. పెట్టి బిగిస్తే వెనక స్క్రూ వదులుగా ఉన్నప్పుడు బోల్ట్ నున్నగా తిరుగుతోంది, దాన్ని పూర్తిగా బిగించగానే పట్టేస్తోంది. స్టాక్ లోపమా?

హోసూర్_రోడ్_బెంగళూరు

స్టాక్ కాదు అన్నా, స్క్రూ పొడవు. కొత్త స్టాక్‌లో ఆ చోట చెక్క మందం తక్కువ, పాత స్క్రూ కొస లోపలికి పొడుచుకొచ్చి బోల్ట్‌కి తగులుతోంది. కొసకి మార్కర్ రాసి బిగించి, బోల్ట్ రెండుసార్లు తిప్పి విప్పండి. రంగు చెరిగితే అదే. ముందుగా ఆ వెనక స్క్రూకి నట్టు ఎక్కించి, కొస అర మిల్లీమీటరు చొప్పున ఆకురాయితో తీసి, నట్టు విప్పితే మరలు శుభ్రపడతాయి. కనీసం 5 చుట్లు పట్టాలి, అంతకంటే తక్కువైతే రిసీవర్ మరలు పోతాయి.

చెక్కపని_మైలాపూర్

స్క్రూ అయ్యాక ట్రిగ్గర్ చూడండి. తేలిక చేసిన ట్రిగ్గర్ కాబట్టి ఇది దాటేయడానికి లేదు. ట్రిగ్గర్ బాడీకి, మ్యాగజైన్ గూటికి చుట్టూ చెక్కతో 1 మి.మీ. ఎడం ఉండాలి. చెక్క తగిలితే సియర్ (కాక్ చేసిన పిన్‌ని పట్టి ఉంచే కొక్కెం) పూర్తిగా వెనక్కి రాదు. ఛాంబర్ ఖాళీ అని వేలు పెట్టి తడిమి, పేలిన ఖాళీ కేసు ఒకటి పెట్టండి (ఖాళీ ఛాంబర్ మీద కొడితే పిన్ ఛాంబర్ అంచుని నొక్కేసే ప్రమాదం ఉంది). కాక్ చేసి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా లాగి వదిలి, సేఫ్టీ తీయండి. పడకూడదు. మళ్లీ కాక్ చేసి బట్‌ని రబ్బరు సుత్తితో నాలుగు వైపులా కొట్టండి. పడకూడదు. బోల్ట్ గట్టిగా మూసినా పడకూడదు. ఒక్కసారి పడినా రైఫిల్ గన్‌స్మిత్ దగ్గరికే, రేంజ్‌కి కాదు.

తర్వాత టార్క్. రైఫిల్ నిటారుగా బట్ మీద నిలబెట్టి లగ్‌ని వెనక్కి ఆననిచ్చి, ముందు స్క్రూ, తర్వాత వెనకది, సగం సగం బిగించండి. పిల్లర్లు లేని లామినేట్‌కి 15 అంగుళం పౌండ్లతో, అంటే 1.7 న్యూటన్ మీటర్లతో మొదలుపెట్టి 18, 20, 22 దాకా, ఒక్కో మెట్టుకి 5 షాట్ల గ్రూపులు మూడు. మధ్యలో బారెల్ శుభ్రం చేయొద్దు, లాట్ మార్చొద్దు. పిల్లర్లు వేశాక 25 దాకా పోవచ్చు. సైకిల్ షాపు టార్క్ రెంచ్ 2 న్యూటన్ మీటర్ల దగ్గర నమ్మేలా ఉండదు, చిన్న టార్క్ స్క్రూడ్రైవర్ తీసుకోండి. సెంబుదాస్ వీధిలో అడిగి చూడండి, దొరకాలి. బాగా వచ్చిన అంకెని స్టాక్ లోపల పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి, వచ్చే వానాకాలం మొదట్లో ఒకసారి చూసుకుందురు గాని, చెక్క ఉబ్బితే ఆ పట్టు మారుతుంది.